ఇంట్ల ఒకరు బరువు తగ్గాలంటే మిగిలినోళ్లు ఏం చెయ్యాలె

బరువు తగ్గాల్సినోళ్లకు చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు, ఫోన్ తెరిస్తే చాలు జీలకర్ర నీళ్లు తాగు, బియ్యం మానెయ్, రాత్రి ఏం తినకు అని ఒకటే చెప్పుడు. నేను రాసేది వాళ్ల పక్కన ఉండేటోళ్ల కోసం. అమ్మకు షుగరొచ్చిందని పరేషాన్ అయితున్న కొడుకు, పెనిమిటికి పొట్ట పెరుగుతున్నదని రోజూ లొల్లి పెట్టుకునే భార్య, చెల్లెకు పీసీవోడీ (నెలసరి తప్పే హార్మోన్ల తేడా) అని తెలిసి ఏం జెయ్యాల్నో సమజ్ కాని అక్క, ఇట్లాంటోళ్లు. నేను నల్లగొండ సైడు ఒక సర్కారు దవాఖానల బీపీ షుగర్ల క్లినిక్‌ల పని చేస్త, బరువు చూసుడు, నడుము కొలుసుడు, కార్డు మీద రాసుడు ఇదే రోజు పని. ఆ కుర్చీల కూసోని చూస్తే ఒకటి అర్థమైంది, ఒక్కలే వచ్చి డైట్ చార్టు తీస్కపోయేటోళ్ల కంటే ఇంట్ల సరుకులు మారినోళ్లే నిలబడుతరు. వంట ఒకలు చేస్తరు, సామాను ఇంకొకలు తెస్తరు, తినేటి మనిషికి ఒక్కదానికి చార్టు ఇస్తే ఏమొస్తది? అందుకే మనిషి ప్లేటు మీద కన్నేసి కూసునుడు బంద్ పెట్టి, సరుకుల చీటీ మీద, వంటగిన్నె మీద పని షురూ చెయ్యాలె.

ముందుగాల మాట

మన దిక్కు మనిషి కనపడంగనే "ఏందే గింత లావైనవ్", "ఏం బావా మస్తు బలిసినవ్ గదా" అనుడు పలకరింపు లెక్క అయిపోయింది. అన్నోళ్లు మర్చిపోతరు, పడ్డోళ్లు మర్చిపోరు. అట్ల అన్నందుకు ఎవరన్న బరువు తగ్గింది నేనైతే చూడలేదు, దొంగతనంగ తినుడు మాత్రం పెరుగుతది. మొన్న ఒకామె కొడుకుతోని వచ్చింది, ఆమె మెషీన్ మీద ఎక్కకముందే కొడుకు షురూ చేసిండు, "చెప్తె ఇనదు మేడం, రాత్రి మల్ల మల్ల పెట్టుకుంటది" అని, లైన్‌ల పది మంది ఇంటున్నరు, ఆమె కొంగు సర్దుకుంట కింద నంబరు చూడకుండ గోడ దిక్కు చూసింది. తర్వాతి నెల ఒక్కతే వచ్చి చెప్పింది, వాడు అరిసిన రోజే అందరు పండుకున్నంక ఎక్కువ తింట అని. వాడు చెడ్డోడు కాదు, తల్లి మీద భయంతోనే అరుస్తున్నడు, కాని పని ఉల్టా అయితున్నది.

మరి ఎట్ల మాట్లాడాలె అంటె, అడిగి మాట్లాడాలె. "అమ్మా, డాక్టరు మోకాళ్ల కోసం జెర బరువు తగ్గమన్నడు గదా, దాని ముచ్చట మాట్లాడుదమా?" గంతే. సరే అంటె, "నీకు ఏది మారిస్తే అల్కగ అయితది అనిపిస్తున్నది?" అని అడిగి ఊకోవాలె, మనమే జవాబు ఇయ్యొద్దు. "చాయ్‌ల చక్కెర తగ్గిస్త" అంటె అదే పట్టుకోవాలె, మనకు అన్నం తగ్గించుడు ముఖ్యమనిపించినా సరే. ఆమె నోట్లకెళ్లి వచ్చిన మాట నడుస్తది, మనం పెట్టిన రూలు వారం నడవది. "ఇప్పుడొద్దురా" అంటె ఒద్దన్నట్టే, మల్ల నెల రెండు నెలలకు అడగొచ్చు, ఈ లోపల వంటింట్ల మార్పులు ఎవరి పర్మిషన్ లేకున్నా నడుస్తయ్.

ఎవరు చెప్తున్నరనేది కూడ ఉంటది. కోడలు లేచి "మామయ్యా మీరు తక్కువ తినుండ్రి" అంటె ఆ ఇంట్ల ఏమయితదో మీకు తెలుసు. అట్లాంటప్పుడు కొడుకుతోని అనిపియ్యాలె, లేకుంటె ఇంటికొచ్చే ఆశ అక్కతోని, ఏఎన్ఎం మేడంతోని చెప్పియ్యాలె. ఊర్ల పెద్దమనుషులు ఇంట్లోళ్ల మాట కంటె బీపీ మెషీన్ పట్టుకున్నోళ్ల మాట ఎక్కువ ఇంటరు, ఇది నా అనుభవం.

కొలిసేది ఎట్ల

మన దేశపోళ్లకు బీఎంఐ, అంటె కిలోల బరువును మీటర్ల ఎత్తుతోని రెండుసార్లు భాగిస్తే వచ్చే లెక్క, 23 దాటితే బరువు ఎక్కువ, 25 దాటితే ఊబకాయం అని లెక్క, బయట దేశాల 25, 30 లెక్కలు మనకు పనికిరావు, ఎందుకంటె మనోళ్లకు తక్కువ బరువుకే షుగర్, గుండె జబ్బులు వస్తున్నయ్. 160 సెంటీమీటర్ల ఎత్తు, అంటె ఐదడుగుల మూడంగుళాల మనిషికి 59 కిలోలు దాటితే ఎక్కువ కిందికి వస్తది, 64 దాటితే ఊబకాయం. ఐదడుగులే ఉన్న అమ్మలకు ఇవే లెక్కలు 53, 58.

దానికంటె నాకు నడుము కొలతనే నచ్చుతది, కాటా లేకున్నా టైలర్ టేపు సరిపోతది. ఆఖరి పక్కటెముకకు, తుంటి బొక్కకు మధ్యల, ఊపిరి వదిలినంక, టేపు ఒత్తకుండ సుట్టాలె. ఆడోళ్లకు 80 సెంటీమీటర్లు, మగోళ్లకు 90 దాటొద్దు. మగోళ్లు ఇక్కడ ఒక మోసం చేస్కుంటరు, "నాది 34 సైజే మేడం, పదేండ్ల సంది మారలే" అంటరు, ఆ ప్యాంటు బొడ్డు కింద జారి తుంటి మీద ఉంటది, పొట్ట దాని మీదికెళ్లి ముందుకొస్తది, సైజెందుకు మారుతది! టేపు పెడితే 102 వస్తది.

బరువు వారానికొక్కసారి చూస్తే చాలు, ఒకటే రోజు, పొద్దున్నే, దొడ్డికి పోయొచ్చినంక, ఏం తినకముందు. రోజూ చూస్తే ఉప్పు ఎక్కువైనా, నెలసరి వచ్చినా కిలో అటిటు అయితది, దానికి ఊకె మనసు పాడు చేస్కునుడు ఎందుకు. మీరు మాత్రం పక్కన నిలబడి నంబరు చదవొద్దు, చెప్తె ఇనుండ్రి, లేకుంటె ఊకోండ్రి. నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గితే మంచిగనే తగ్గుతున్నట్టు. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా షుగర్, బీపీలల్ల తేడా కనపడుతది, 60కి రావాల్నని ఎవ్వలు చెప్పలే.

అసలు ముచ్చట అన్నం

మనది ఒకప్పుడు జొన్నల దేశం, పాలమూరు దిక్కైతే జొన్న గటక, రొట్టె, అంబలి, ఎప్పుడో పండుగకు వరి బువ్వ. సాగర్ ఎడమ కాలువ కింద వరి పెరిగింది, మిర్యాలగూడల మిల్లులు వచ్చినయ్, ఇప్పుడు మూడు పూటలు తెల్లన్నమే. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌ల సన్నబియ్యం స్కీం షురూ అయింది గదా, తెల్లకార్డు మీద మనిషికి నెలకు 6 కిలోలు. మంచిదే, దొడ్డు బియ్యం అమ్ముకునుడు తప్పింది. కాని ఒక్కసారి లెక్క చేద్దం. 6 కిలోలు అంటె రోజుకు 200 గ్రాములు. తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల ఇచ్చిన లెక్కల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు కావాల్సిన మనిషికి బియ్యం, గోధుమ, జొన్న, రవ్వ అన్ని కలిపి 250 గ్రాములు సరిపోతయ్. అంటె రేషన్ బియ్యంతోనే ముప్పావు వంతు దాటిపోయింది. నలుగురున్న ఇంట్ల రేషన్‌ 24 కిలోలు పోను ఇంకో 25 కిలోల బస్తా నెలల అయిపోతున్నదంటె, మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం పోతున్నట్టు, దాని మీద మల్ల ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, గోధుమపిండి వేరే. నాట్లేసేటోళ్లకు, బస్తాలు మోసేటోళ్లకు అది కరుగుతది, షాపుల కూసునేటోళ్లకు ఎట్ల కరుగుతది.

కాబట్టి మొదటి పని, కొత్త బస్తా తెరిచిన రోజు మార్కర్‌తోని దాని మీద తారీఖు రాయుండ్రి. ఎవ్వలకు ఏం చెప్పకుండ, ఎవ్వల ప్లేటు చూడకుండ, ఆ ఇంటి లెక్క తెలిసిపోతది.

రెండోది, మన తినే పద్ధతి. కూరతోని ఒక వాయి, పప్పుతోని ఒక వాయి, చారుతోని ఒక వాయి, ఆఖరికి పెరుగుతోని ఒక వాయి. క్లినిక్‌ల "ఎంత అన్నం తింటవమ్మా" అంటె "ఎక్కువేం తినను బిడ్డా, రెండు గంటెలే" అంటరు. నిజమే చెప్తరు, అది ఒక వాయికి! పప్పన్నం, పెరుగన్నం లేకుంటె మనోళ్లకు తిన్నట్టుండది, ఆ నాలుగు తీసేయమంటె ఎవ్వలు ఇనరు, ఇనాల్సిన అవసరం కూడ లేదు. "ఈ నాలుగిట్ల నీకు ఏది కడుపు నిండ తినాలె?" అని అడుగుండ్రి. మా అత్తమ్మకు పెరుగన్నం కావాలె, సరే దాని జోలికి పోలే, కూర వాయిల అన్నం తగ్గింది, కూర గిన్నెల పోస్కొని ముందుగాలే సగం తినేస్తది. చారు గ్లాసుల పోస్కొని తాగుతది, పచ్చిపులుసు కూడ అంతే. రెండు వాయిలకు అన్నం తగ్గితే పూటకు రెండు మూడు గంటెలు తగ్గినట్టే.

మూడోది, కొలిసి వండుడు. రైస్ కుక్కర్‌తోని ఒక ప్లాస్టిక్ కప్పు వస్తది గదా, దాంట్ల సుమారు 150 గ్రాముల బియ్యం పడ్తయ్. నలుగురికి ఒక పూటకు రెండున్నర కప్పులు, మూడు లోపల, చాలు. "ఎవరన్న వస్తె ఎట్ల" అని ఒక గుప్పెడు ఎక్కువ పోసుడు మన తల్లుల అలవాటు, ఎవ్వలు రారు, అన్నం మిగులుతది, పారెయ్యబుద్ధి కాక ఆ తల్లే తింటది. మీ ఇంట్ల మిగిలిన అన్నం ఎవరు తింటున్నరో ఒక వారం చూడుండ్రి, బరువు ఎవరికి పెరుగుతున్నదో కూడ అక్కడ్నే తెలుస్తది. వచ్చినోళ్లకు అప్పటికప్పుడు వండితే ఇరవై నిమిషాలు.

జొన్న రొట్టె ముచ్చట కూడ సాఫ్‌గ చెప్పాలె. జొన్నలల్ల కేలరీలు ఇంచుమించు బియ్యం లెక్కనే ఉంటయ్, పీచు మాత్రం మూడింతలు ఎక్కువ. అందుకే రెండు రొట్టెలతోని కడుపు నిండుతది, నమిలి తినాలె కాబట్టి టైం పడ్తది, చారు పోస్కొని జారవిడిసేది ఉండది. అట్లని ఐదు రొట్టెలు తిని "నేను అన్నం మానేసిన" అంటె బరువు ఏడ తగ్గుతది. ఇంకో సంగతి, రొట్టె చేసుడు అల్కటి పని కాదు, ఉడుకు నీళ్లు పోసి పిండి పిసికి, చేత్తోని తట్టి, పెంక మీద నీళ్లు రాసి కాల్చాలె. ఇంట్ల మగాయన "రేపట్నుంచి నాకు రొట్టెలు" అని ఆర్డర్ ఏస్తే ఇంటామెకు రెండు వంటలు అయితయ్, పది రోజులకు ఆమెకు యాష్టొస్తది, ఆయన డైట్ ఆడికి అయిపోతది. ఇప్పుడు నల్లగొండల, పాలమూరుల సాయంత్రం రోడ్డు పక్కన రొట్టెలు కాల్చి అమ్మే అక్కలు ఉన్నరు, ఆయననే పోయి తెచ్చుకొమ్మనుండ్రి, నడిసినట్టు కూడ ఉంటది.

అన్నం తగ్గిన జాగల ఏం పెట్టాలె

ఇది ముఖ్యం. ఊకె తగ్గించుమంటె మనిషి ఆకలికి రాత్రి పది గంటలకు బిస్కెట్ పుడ తెరుస్తది. కూర పెంచాలె. పోషకాహార సంస్థ లెక్కల కూరగాయలు, ఆకుకూరలు కలిపి రోజుకు మనిషికి 400 గ్రాములు, నలుగురికి కిలోన్నర పైనే, మనం చేసేది అర్ధ కిలో బెండకాయలు నలుగురికి, అది కూర కాదు అన్నంల నంజుకునేది. వారం అంగడికి పోయినప్పుడు సంచి పెద్దది పట్టుకపోండ్రి. ఆనిగెపుకాయ, బీరకాయ, గోకరకాయ, దోసకాయ, వంకాయ, ఆకుకూరలల్ల తోటకూర, పుంటికూర, గంగవాయిలి, పాలకూర, ఏది దొరికితే అది. ఆలుగడ్డ మాత్రం అన్నం ఖాతాల రాయుండ్రి.

పప్పు, గుడ్డు కూడ. రోజుకు మనిషికి 85 గ్రాముల పప్పుధాన్యాలు, వాటి బదులు కొంత గుడ్డు, చేపలు, చికెన్ కూడ తినొచ్చు. పలుచటి పప్పుల నీళ్లే ఉంటయ్, ముద్దపప్పు చేయుండ్రి. సాయంత్రం మిర్చి బజ్జీల టైంకు గుడాలు పెడితే అంతకంటె మంచిది ఇంకోటి లేదు, అలసందలో, పెసర్లో, శెనగలో పొద్దున నానబెడితే సాయంత్రానికి ఉడుకుతయ్, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, జెర నిమ్మకాయ. ఇది పిల్లలు కూడ తింటరు. పండంటె మన దగ్గర బత్తాయి ఉండనే ఉన్నది, ఒలిసి తినుండ్రి, జ్యూస్ సెంటర్‌ల మూడు కాయలు పిండి చక్కెర ఏస్తరు, పీచు చెత్తబుట్టల పోతది.

నూనె, చక్కెర, పుడలు

నూనె కూడ బస్తా పద్ధతే, ప్యాకెట్ కత్తిరించిన రోజు తారీఖు. మనిషికి రోజుకు 27 గ్రాములు అంటె నెలకు లీటరు కంటె తక్కువ, నలుగురికి మూడున్నర లీటర్ల దాక. ఇప్పుడు కొన్ని ప్యాకెట్లల్ల లీటరు కూడ ఉంటలేదు, మీద గ్రాములు చూడుండ్రి. పోపుకు ప్యాకెట్‌తోని సీదా కడాయిల పోసుడు మానేసి చెంచతోని ఎయ్యాలె, గంతే, ఇంక పెద్ద సైన్స్ లేదు. ఏ నూనె మంచిది అని అడుగుతరు, నేనైతే ఏ నూనె అనేదానికంటె ఎంత అనేది చూడమంట. సకినాలు, గారెలు పండుగకు తినాలె, ఆదివారం ఆదివారం డబ్బా నిండ చెయ్యొద్దు. తొక్కులల్ల నూనెతోని పాటు ఉప్పు కూడ ఎక్కువ, బీపీ ఉన్నోళ్లకు ఉప్పు మొత్తం రోజుకు 5 గ్రాములు, ఒక చిన్న చెంచ.

చాయ్. రెండు చెంచల చక్కెర అంటె 10 గ్రాములు, రోజుకు నాలుగైదు చాయ్‌లు తాగే మనిషికి చాయ్‌లనే 40, 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాముల లోపల ఉంటె మంచిదంటది. వారానికి అర చెంచ లెక్కన తగ్గిస్తే నాలుక అలవాటు పడ్తది. కొంతమంది చెప్పకుండ తగ్గిస్తరు, నాకు అది ఇష్టముండది, మనిషి తినేదాంట్ల మనిషికి తెల్వకుండ చెయ్యి పెట్టుడు మంచిగనిపియ్యది, తెలిసిన రోజు అన్నిటి మీద నమ్మకం పోతది, చెప్పే తగ్గియ్యుండ్రి.

బిస్కెట్లు, మిక్చర్, కూల్ డ్రింక్ బాటిల్, ఇవి ఇంట్ల ఉంటె తింటరు, లేకుంటె తినరు, మీరు కూడ అంతే నేను కూడ అంతే. "పిల్లల కోసం తెచ్చిన" అంటరు, పిల్లలకు మాత్రం ఎందుకు? పల్లీలు, బెల్లం, మక్క కంకి లేవా. పల్లీలు గుప్పెడు, అంతకంటె ఎక్కువైతే అవి కూడ కేలరీలే.

మందు గురించి ఇంట్ల లొల్లి లేకుండ మాట్లాడుడు కష్టం, అందుకే లెక్క మాత్రం చెప్త. పెద్ద బీరు సీసల 250 కేలరీల పైనే ఉంటయ్, దాని పక్కన చికెన్ 65, పకోడి, మిక్చర్ పెట్టుకుంటె ఆ ప్లేటే ఒక పూట భోజనం, ఇంటికొచ్చి మల్ల అన్నం. పక్కన గుడాలు, ఉల్లిగడ్డ, కీరదోస పెట్టినా జెర నయం.

ఒకటే ఇంట్ల లావు మనిషి, బక్క మనిషి

మన తెలంగాణల ఆడోళ్లు నూటికి ముప్పై మంది దాక బరువు ఎక్కువున్నోళ్లు, అదే తెలంగాణల సగం మందికి పైగా ఆడోళ్లకు రక్తం తక్కువ, ఈ రెండు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలే. కొన్నిసార్లు ఒకటే మనిషికి రెండూ ఉంటయ్, లావున్నది గదా రక్తం మంచిగనే ఉంటదిలే అనుకోవద్దు, హెచ్‌బీ పరీక్ష చేపియ్యుండ్రి. బక్కగున్న కోడలికి, ఎదిగే పిల్లలకు మీ డైట్ పెట్టొద్దు. గిన్నెల వండేది అందరికి ఒకటే, బక్కోళ్లకు పైకెళ్లి గుడ్డు, పాలు, పల్లీలు, నెయ్యి. మూడేండ్ల లోపు పిల్లలుంటె అంగన్‌వాడీల బాలామృతం ఇస్తరు, తెచ్చి మూలకు పడెయ్యకుండ్రి. గర్భిణి, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి కింద 2015 సంది అక్కడ్నే ఒక పూట నిండు భోజనం ఉన్నది. బాలింతను పొట్ట తగ్గలేదని ఆకలితోని ఉంచుడు మహా పాపం, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీల దాక ఎక్కువ కావాలె. నెయ్యి లడ్డూలు కుప్పలు పెట్టాల్నని కాదు, పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టొచ్చు, పథ్యం పేరు మీద అవి ఆపేస్తరు.

లావున్న పిల్లలకు "డైట్" అనే మాటే అనకుండ్రి. ఇంట్ల పుడలు తగ్గియ్యుండ్రి, ఆటకు తోలుండ్రి, ఎత్తు పెరిగేకొద్ది సెట్ అయితరు మస్తుమంది.

నడక

వారానికి 150 నిమిషాలు, అంటె ఐదు రోజులు అర్ధగంట, మాట్లాడొచ్చు గాని పాట పాడరాని స్పీడ్. "నడువు పో" అంటె ఎవ్వలు పోరు, "నేను పోతున్న, తోడొస్తవా" అంటె వస్తరు. నల్లగొండల ఎన్జీ కాలేజీ గ్రౌండ్, పానగల్ ఉదయసముద్రం కట్ట, పాలమూరుల మయూరి పార్కు, ఊర్లల్ల చెరువు కట్ట ఎట్లా ఉన్నది. ఎండకాలం ఏడు దాటితే ఇంటికొచ్చేయాలె. పొద్దున కుదరనోళ్లు తిన్నంక పది పదిహేను నిమిషాలు వాకిట్ల తిరిగినా షుగర్‌కు మంచిదే, నేనైతే షుగర్ ఉన్నోళ్లకు ఇదే ముందుగాల చెప్త, చీర మార్చుడు, బూట్లు ఏసుడు ఏం లేదు.

పత్తి ఏరేటామెకు, నాట్లకు పోయేటామెకు వాకింగ్ గురించి క్లాస్ పీకకుండ్రి, ఆమె నవ్వుతది, కరెక్టే. ఆమెకు కావాల్సింది సద్దిల పప్పు, గుడ్డు. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు పెద్దమనుషులల్ల ఫ్లోరైడ్‌తోని బొక్కలు, కీళ్లు పట్టేసినోళ్లు ఉన్నరు, మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా పాత నొప్పులు పోవు గదా, వాళ్లను నడువు నడువు అని సతాయించొద్దు. కుర్చీల కూసోని కాళ్లు సాపి ముడుసుడు, గోడ పట్టుకొని మడిమలు ఎత్తుడు, నీళ్ల సీసలు పట్టుకొని చేతులు లేపుడు, అట్లాంటివి చాలు. నడవగలిగినోళ్లకు కూడ వారానికి రెండు రోజులు ఇట్లాంటి కండలకు పని ఉండాలె, లేకుంటె బరువుతోని పాటు కండ కూడ పోతది.

దావతులు

బగారన్నం, మటన్ ఉన్న కాడ డైట్ గురించి మాట్లాడకుండ్రి, ఒక పూటకు ఏం కాదు. పక్కన కూసోని "అమ్మా చాలు, షుగర్ ఉన్నది నీకు" అని పది మందిల అనుడు కంటె, వడ్డించేటోళ్లు మల్ల వచ్చినప్పుడు "మా అమ్మకు చాలన్నా" అని మీరే చెయ్యి అడ్డం పెట్టుండ్రి. మనింటికి వచ్చినోళ్లకు మనం కూడ "ఇంకొంచెం, ఇంకొంచెం, మా ఇంట్ల తినలేదంటె ఎట్ల" అని ఒత్తిడి పెట్టొద్దు. తెల్లారి మామూలుగ తినుండ్రి, ఉపాసం పెట్టకుండ్రి.

గోలీలు వాడేటోళ్లు, దవాఖాన

షుగర్‌కు గ్లిమిపిరైడ్ గోలీ గాని ఇన్సులిన్ గాని వాడేటోళ్లు ఉన్నపళంగ అన్నం సగం చేస్తే షుగర్ పడిపోతది. చెమటలు, వణుకు, గుండె దడ, కండ్లు తిరుగుడు, పిచ్చిపిచ్చిగ మాట్లాడుడు కనపడితే ఆలస్యం చెయ్యకుండ మూడు చెంచల చక్కెర నీళ్లల్ల కలిపి తాపియ్యాలె, పావు గంటకు తగ్గకుంటె మల్ల ఇయ్యాలె, తర్వాత ఏమన్న తినబెట్టాలె. తెలివి తప్పితే నోట్ల ఏం పోయకుండ 108కి ఫోన్ చెయ్యాలె. అందుకే వీళ్ల తిండి మార్చే ముందు డాక్టర్‌తోని మాట్లాడి గోలీ డోసు చూపియ్యుండ్రి.

డబ్బాలల్ల పౌడర్లు అమ్మి "మూడు నెలల పదిహేను కిలోలు" అనేటోళ్ల దగ్గరికి పోతరు, నెలకు వేలు పోతయ్, మానేసినంక బరువు మల్ల వస్తది. ఆ వేలతోని ఇంటికి నెలంత గుడ్లు, కూరగాయలు, పండ్లు వస్తయ్. బరువు తగ్గే సూదులు, మౌంజారో, వెగోవి, 2025ల మన దేశంల కూడ వచ్చినయ్, అవి డాక్టరు చూసి రాసేటియి, పనిచేస్తయ్ కూడ, వాడేటోళ్లను "సూదితోని తగ్గింది" అని ఎగతాళి చేసుడు తప్పు, వాళ్లకు కూడ పప్పు, గుడ్డు, కండల పని ఇంకా ఎక్కువ అవసరం.

ఏం చెయ్యకుండనే బరువు తగ్గుతుంటె సంబురపడకుండ్రి, షుగర్, థైరాయిడ్, టీబీ పరీక్షలు చేపియ్యాలె. తిండి మామూలుగనే ఉండి గబగబ పెరిగితే కూడ అంతే, థైరాయిడ్ కావొచ్చు, స్టెరాయిడ్ల లాంటి కొన్ని మందులతోని కావొచ్చు. నొప్పులకని ఊర్ల ఏ గోలీ ఏస్కుంటున్నరో చెప్పరు, మీరే అడగాలె. దవాఖానకు పోయేటప్పుడు రిపోర్టులతోని పాటు వాడుతున్న అన్ని గోలీల పట్టీలు ఒక కవర్‌ల ఏస్కొని పోండ్రి, "తెల్లగోలీ పొద్దున, పచ్చగోలీ రాత్రి" అంటె మాకు సమజ్ కాదు.